తిరగేసిన పెండ్లి బట్ట

నాంపల్లి, 6 జనవరి 1940

అక్కకు సదాశివ దండాలు.

దసరాకు రాసిన తర్వాత మళ్లీ ఇప్పుడే కలం పట్టాను. పనిపడితేనే తమ్ముడికి అక్క గుర్తొస్తుందని నువ్వంటావు. అను, పడతాను. నిజంగానే పనిపడింది.

ఆబిడ్స్‌లో మా రామచందర్ సేటు దుకాణానికి వీధివైపు నిలువెత్తు అద్దం బిగించారు. దాని వెనక ఏది వేలాడదీసినా రోడ్డున పోయేవాళ్లు ఆగి చూస్తారు. రెండేళ్లుగా నేను అద్దకం చీరల అంచులకు మామిడి పిందెలూ తీగలూ గీసి బతుకుతున్నానా, మొన్న సేటు నా కాగితాలన్నీ పక్కకు నెట్టాడు. "పంతులూ, పిందెలు చాలు. మాఘంల పెండ్లిళ్లు మొదలైతయి. పందిట్ల, గుమ్మాలకు కట్టుకునే బట్ట కావాలె. పెండ్లింట్ల ఆడోళ్లు చేసే పనులన్నీ దాని మీద బొమ్మలుగ కనబడాలె. పన్నెండు బొమ్మలు. ఫిబ్రవరి పదికల్ల అద్దంల వేలాడాలె. చేతగాదంటే జర ఇప్పుడే చెప్పు, బొంబాయి నుంచి మనిషిని పిలిపిస్త" అన్నాడు. చేతనవుతుందని చెప్పి వచ్చాను. నోరు నా మాట వినదు కదా.

నాకు మనుషుల బొమ్మలు రావని నీకు తెలుసు. నేను గీసిన ఆవును చూసి నాన్న ఎవరి కుక్కరా ఇది అని అడిగారు. బొమ్మలు గీసే చెయ్యి మన ఇంట్లో నీదొక్కటే. పెండ్లింటి పనులూ నీకే తెలుసు. పన్నెండు బొమ్మలు గీసి పంపవా?

ఈ పని సంగతి కొంచెం చెప్తాను. కాగితం మీది బొమ్మను మొగులయ్య అనే ఆయన టేకు చెక్క మీద చెక్కుతాడు. నాంపల్లి సరాయి వెనక ఉంటాడు, చెయ్యి తిరిగినవాడు. ఆ అచ్చును రంగులో అద్ది బట్ట మీద ఒత్తుతారు. అచ్చు మీద కుడివైపున్నది బట్ట మీద ఎడమకు పడుతుంది, అది మాత్రం గుర్తుపెట్టుకో. కొత్తవాళ్లంతా అక్కడే దెబ్బతింటారు.

ఈ బట్ట గట్టెక్కితే నా నౌకరి పక్కా అవుతుంది. అయిన రోజునే సేటుకు నీ పేరు చెప్తాను. నీకు నెలనెలా గీతపని ఇప్పించి హైదరాబాద్ తీసుకొస్తాను. బావ పోయినప్పటి నుంచి పెద్ద బావగారింట్లో నువ్వు చేస్తున్న చాకిరీ నాకు తెలియనిది కాదు. అంతదాకా ఈ సంగతి ఎవరికీ తెలియనియ్యకు.

నీ మీదనే భారం వేసిన
సదాశివ


హనుమకొండ, 10 జనవరి 1940

తమ్మీ,

నీ ఉత్తరం చేరింది. పిందెలు గీసేవాణ్ణి పెండ్లి గీయమన్న మీ సేటును చూడాలనిపించింది.

గీస్తాను. ఎందుకు గీయను? ఎనిమిదేండ్లుగా ఈ ఇంట్లో నా చేతికి చీపురూ చెంబూ తప్ప వేరే ఏదీ ఇచ్చినవాళ్లు లేరు. నువ్వు పని చెప్పావు, అది చాలు. పని దొరికి నేను ఇక్కణ్ణుంచి బయటపడతానన్న మాటను నీ ఉత్తరంలో నాలుగుసార్లు చదువుకున్నాను. ఊరికే రాసిన మాటయితే ఇప్పుడే చెప్పు. ఆశ పెట్టి ఆపడం కన్న అది నయం.

ఎవరికీ తెలియనియ్యవద్దన్నావు. ఎందుకో రాయలేదు. అక్క గీసిందంటే నీకు చిన్నతనమా? లేక విధవ గీసిన పెండ్లి బట్టను ఎవరు కొంటారని భయమా? ఏదైనా రాయి, నేను ఏడ్చే వయసు దాటాను.

పెండ్లంటే ఏనుగులూ బాజాలూ అనకుండా ఆడవాళ్ల పనులు అన్నాడంటే మీ సేటు కొంత తెలిసినవాడే. పసుపు దంచడం, బియ్యం చెరగడం, అప్పడాలు ఒత్తడం, బాసికాలు కట్టడం, పందిరి కింద ముగ్గు, వచ్చినవాళ్లకు బొట్టు పెట్టడం, తాంబూలం ఇవ్వడం, వడ్డన. ఇట్లా లెక్కపెడుతుంటే పన్నెండు దాటిపోతున్నాయి. వియ్యపురాలి అలక కూడా గీయాలనుంది, కానీ అది పని కిందికి రాదేమో.

మా తోటికోడలు నిన్న వచ్చి "ఏంది వసుమతీ, గా కాగితాలేంది?" అన్నది. ముగ్గులన్నాను. నమ్మింది.

నీ అక్క


నాంపల్లి, 14 జనవరి 1940

అక్కా, నమస్తే.

నువ్వు అడిగిన రెండూ కాదు. దుకాణం గుట్టు బయటికి పోకూడదు, అంతే. పక్క దుకాణంవాళ్లు మా బొమ్మల నక్షాలు ఎప్పుడు దొరుకుతాయా అని కాచుకుని ఉంటారు. నువ్వు ప్రతిదానికీ అంత లోతుకు పోకు.

మాట ఊరికే రాయలేదు. అమ్మ మీద ఒట్టు.

బొమ్మలు ఇరవై రెండుకల్లా నాకు అందాలి. మొగులయ్యకు పది రోజులైనా కావాలి. యుద్ధం పుణ్యమా అని జర్మనీ రంగు రావడం ఆగిపోయింది. సేటు దగ్గర ఎర్ర రంగు రెండు డబ్బాలు మిగిలాయి, అది చెడగొట్టామా మళ్లీ దొరకదు. బట్ట మాత్రం మల్లు. గుమ్మానికి కడితే గాలికి ఊగాలట, అందుకని పల్చటిది తెప్పించాడు. 

నా గది రైల్వే స్టేషన్‌కు మరీ దగ్గర. ఇంజన్ పొగంతా నా కాగితాల మీదనే వాలుతుంది. పొద్దున గీసిన పిందె సాయంత్రానికి నేరేడుపండవుతోంది. ఈ కిరాయికి ఇంతకన్న మంచి గది నాంపల్లిలో దొరకదని ఇంటాయన అంటాడు. ఆయన గది మాత్రం వెనకవైపు.

తొందరపెడుతున్న
సదాశివ


హనుమకొండ, 20 జనవరి 1940

తమ్మీకి,

పన్నెండు బొమ్మలూ ఈ ఉత్తరంతో వస్తున్నాయి. అట్టల మధ్య పెట్టి దారంతో కట్టాను, కత్తితో కోయకు, విప్పు.

నువ్వు చెప్పిన జాగ్రత్త తీసుకున్నాను. దానివల్ల ఒక్కో బొమ్మను రెండుసార్లు గీయాల్సి వచ్చింది. చేయి నొప్పి పుట్టింది కానీ మనసుకు బాగుంది. అప్పడాలు ఒత్తే ముసలావిడ బాగా కుదిరింది. వడ్డించే పిల్ల నడుము కొంచెం వంకర పోయింది, మొగులయ్యను సరిచేయమను.

దుకాణం గుట్టు అన్నావు. సరే, నమ్ముతున్నాను. నమ్మానని నువ్వు కూడా నమ్ము.

పెద్ద బావగారి రెండో కూతురికి సంబంధం కుదిరింది. పసుపు కొట్టే రోజున నన్ను పెరట్లోకి పొమ్మన్నారు. పోయి, కూర్చుని, నీ పసుపు దంచే బొమ్మ పూర్తిచేశాను. ఆ రోజు నాకు నవ్వొచ్చింది, నిజం చెప్తున్నాను.

సేటు చూడగానే ఏమన్నాడో రాయి. ఒక్క ముక్క రాసినా చాలు.

నీ అక్క


నాంపల్లి, 3 ఫిబ్రవరి 1940

అక్కా,

కుశలం అడిగే స్థితిలో లేను.

నీ బొమ్మలను నూనె కాగితం మీదికి నా చేత్తో ఎత్తి మొగులయ్యకు ఇచ్చాను. తొందరలో గీత మీద గీత పోనిచ్చాను తప్ప నిలబడి చూడలేదు. ఆయన ఎప్పటిలాగే ఆ కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించి చెక్కడం మొదలుపెట్టాడు. వారం పోయాక మొగులయ్య "పంతులూ, ఈసారి అచ్చు మీద బొమ్మ సీదాగ కనబడ్తుందేంది?" అన్నాడు. నీ పని నువ్వు చూడవయ్యా అన్నాను. నిన్న మొదటి తాను ఒత్తి ఆరేశారు.

అక్కా, పన్నెండు బొమ్మల్లోనూ అందరూ ఎడమచేతివాళ్లే! ఎడమచేత్తో బొట్టు పెడుతున్నారు. ఎడమచేత్తో తాంబూలం ఇస్తున్నారు. ఎడమచేత్తో అన్నం వడ్డిస్తున్నారు. ఒక్కదానికి కూడా పైట ఉండాల్సిన భుజం మీద లేదు. సేటు తాను పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా చూశాడు. తర్వాత, "గిది పెండ్లి బట్టనా, దినాల బట్టనా?" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా విన్నారు. "పదో తారీఖుకు మంచి బట్ట అద్దంల ఉండాలె. లేకుంటె పదకొండు నాడు నువ్వు దుకాణంల ఉండొద్దు" అన్నాడు.

ఏడు రోజుల్లో పన్నెండు అచ్చులు మళ్లీ చెక్కడం ఎవరివల్లా కాదు. ఆరిన రంగు పోదు. నాకేం తోచడం లేదు.

ఒకటి అడుగుతాను. నలుగురి పెండ్లిళ్లు చూసి చూసి నీకు కుళ్లు పుట్టిందా? మనసులో ఉన్నదే చేతిలోకి దిగిందా? ఇంత తప్పు నీ చేతిలో ఊరికే జరగదు. 

సదాశివ


తంతి
హనుమకొండ, 5 ఫిబ్రవరి 1940

బట్ట తిరగేసి చూడు. వెనకవైపునే ముందువైపుగా కట్టు. రంగు చిక్కగా ఒత్తించు. ఉత్తరం వెనక వస్తుంది. వసుమతి.


హనుమకొండ, 5 ఫిబ్రవరి 1940

సదాశివా,

తంతి చేరే ఉంటుంది. దాన్ని అర్థం చేసుకునే తెలివి నీకుందని అనుకుంటున్నాను, అయినా వివరంగా రాస్తాను.

నేను తప్పు గీయలేదు. అచ్చు మీద కుడి బట్ట మీద ఎడమవుతుందని, గుర్తుపెట్టుకొమ్మని నువ్వే రాశావు. గుర్తుపెట్టుకున్నాను. ముందు మామూలుగా గీసి, ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, వెనకవైపు నుంచి కనపడే గీతను మళ్లీ గీశాను. పంపింది ఆ రెండోది. మీ మొగులయ్య కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించి చెక్కుతాడని, బోర్లించడంతోనే బొమ్మ తిరిగిపోతుందని నాకెవరు చెప్పారు? నేను ఒకసారి తిప్పాను, ఆయన ఒకసారి తిప్పాడు. ఆయన అడిగినప్పుడు నువ్వు చెవిన పెట్టి ఉంటే మొదటి అచ్చుతోనే ఆగేది.

మల్లు పల్చటిది. మొన్న నా తెల్లచీర మీద సిరా ఒలికితే రెండువైపులా ఒకేలా దిగింది. రంగు చిక్కగా వేసి గట్టిగా ఒత్తితే బొమ్మ వెనక్కు దిగుతుంది. వెనకవైపు చూస్తే అందరూ కుడిచేతివాళ్లే. కొంచెం పలచబడుతుంది, పడనీ.

తంతి ఆఫీసుకు నేనే పోయాను. ఈ ఇంటి నుంచి ఆడమనిషి ఒక్కతే బజారుకు పోవడం ఇదే మొదలు. అక్కడి గుమాస్తా కాగితం తీస్తూనే "ఎవరు పోయిన్రమ్మా?" అన్నాడు. ఎవరూ పోలేదు, బట్ట గురించి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఇంటికొచ్చేసరికి పెద్ద బావగారికి సంగతి తెలిసిపోయింది. ఆ మాటలు నీకు రాయను.

కుళ్లు అన్నావు. తమ్మీ, చాలా కోపం వచ్చింది, ఇంకా పోలేదు. నీ నౌకరి ముందు కనుక తంతి ముందు ఇచ్చాను, కోపం తర్వాత రాస్తున్నాను.

నీ అక్క


నాంపల్లి, 13 ఫిబ్రవరి 1940

అక్కా, నీ కాళ్లకు దండం. ఈసారి ఊరికే రాసే దండం కాదు.

తంతి పట్టుకుని దుకాణానికి ఉరికాను. ఆరేసిన తానును తిప్పి పట్టుకుంటే అప్పుడే సగం కనిపించింది. ఉన్న రంగులో సగం చిక్కగా కలిపించి, కొత్త తాను పరిచి, మొగులయ్యే స్వయంగా అచ్చు మీద పిడికిలితో గుద్దుతూ ఒత్తాడు. మూడో రోజున తిరగేసి చూస్తే, ఎరుపు కాస్తా పండిన దానిమ్మ గింజ రంగుకు వచ్చింది. పాతకాలపు బట్టలాగా ఉంది. సేటు "గీ రంగు ఎట్ల తెచ్చినవ్?" అన్నాడు. వెనకవైపని చెప్పాను. కాసేపు నవ్వాడు. తొమ్మిదో తారీఖునే అద్దంలో కట్టారు.

జనం ఆగుతున్నారు అక్కా. బషీర్‌బాగ్ నుంచి మోటార్లలో వచ్చినవాళ్లు కూడా దిగి చూస్తున్నారు. నిన్నటికి అన్ని తానులూ అయిపోయాయి, మిగిలిన రంగుతో మళ్లీ ఒత్తిస్తున్నాం. నా నౌకరి పక్కా అయింది.

ఆ ఉత్తరంలో రాసిన మాటకు సిగ్గుపడుతున్నాను. బుద్ధి లేక రాశాను. క్షమించు.

సేటుకు నీ సంగతి చెప్పాను. సంతోషించాడు. పని ఇస్తానన్నాడు. మంచిరోజు చూసి నిన్ను రమ్మని రాస్తాను. ఈలోపు బారసాల బట్ట కావాలట, ఎనిమిది బొమ్మలు. మామూలుగా గీయి, తిప్పకు!

నీకు రుణపడ్డ తమ్ముడు
సదాశివ


హనుమకొండ, 17 ఫిబ్రవరి 1940

తమ్మీ,

చదువుతూ కూర్చున్నచోటే ఏడ్చాను. ఏడ్చే వయసు దాటానని రాశాను కదా, కొట్టివేసుకో.

సేటు పని ఇస్తానన్న మాట పెద్ద బావగారికి చెప్పేశాను. "పోతే మళ్ల గీ గడప తొక్కొద్దు" అన్నాడు. తొక్కనన్నాను. నా గదిని పెండ్లికొచ్చే చుట్టాలకు ఇచ్చేశారు. నేను ఇప్పుడు వడ్లగదిలో పడుకుంటున్నాను. అందుకని మంచిరోజు అంటూ ఆలస్యం చేయకు, ఏ రోజైనా మంచిదే. మార్చి మొదటివారంలో వస్తాను. నీ గదిలో ఒక మూల చాలు, పొగ ఉన్నా ఫికర్ లేదు.

బారసాల బొమ్మలు మొదలుపెట్టాను. ఉయ్యాల బాగా వచ్చింది.

సంతోషంగా ఉన్న
నీ అక్క


నాంపల్లి, 26 ఫిబ్రవరి 1940

అక్కా,

నువ్వు ఇంత తొందరపడతావని అనుకోలేదు. కొన్నాళ్లు ఆగాలి. ఉన్నదున్నట్టు రాస్తాను.

సేటుకు నీ సంగతి అప్పుడు చెప్పలేదు. చెప్పానని అబద్ధం రాశాను. పెండ్లి బట్టను విధవ గీసిందని తెలిస్తే కొన్నవాళ్లంతా వెనక్కి తెచ్చి పారేస్తారని భయం వేసింది. కొత్త నౌకరి, ఎట్లా చెప్పను? రోజూ చెబుదామనే పోయేవాణ్ణి.

అయితే మంచే జరిగింది. సేటు వాళ్లమ్మ లక్ష్మీనర్సమ్మగారు ఉస్మాన్‌గంజ్‌లో ఉంటారు. మొన్న దుకాణానికి వచ్చి ఆ బట్టను పట్టుకుని చాలాసేపు చూశారు. ఎవరు గీశారని నన్నడిగారు. వెంటనే మా అక్క అని చెప్పాను, నీ సంగతంతా చెప్పాను. ఆవిడ కూడా నీలాగే భర్త పోయిన మనిషి. తానే కొడుకుతో మాట్లాడతానన్నారు. ఏం తేలుతుందో తెలియదు. తేలేదాకా నువ్వు అక్కడే ఉండు. పెద్ద బావగారిని ఎట్లాగో బతిమాలుకో.

కోపం తెచ్చుకోకు.

సదాశివ


హనుమకొండ, 1 మార్చి 1940

సదాశివా,

నీ ఉత్తరమూ లక్ష్మీనర్సమ్మగారి ఉత్తరమూ ఒకే పూట వచ్చాయి. నీ దగ్గర అడ్రసు తీసుకున్నారట. ఆవిడకు రాయడం రాదు, ఎవరితోనో రాయించారు. ఆవిడ మాటలే ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా, మీ తమ్మున్ని మూడుసార్లు అడిగిన. రెండుసార్లు నేనే గీసిన అన్నడు. మూడోసారి తలకాయ వంచి మా అక్క అన్నడు. ఆ బట్ట మీద ఒక్క మొగోని మొఖం లేదు, పెండ్లిపిల్ల మొఖం గూడ లేదు. అందరి వీపులు, గిన్నెలు, అడ్డంగ గడప. వంటింట్ల కూసోని చూసినోళ్లకే పెండ్లి గట్ల కనబడ్తది. నేను ఇరువై ఏండ్లు గాడనే కూసున్న. మొగోడు గీసింది కాదని నాకు అప్పుడే తెలిసింది. నా కొడుక్కు చెప్పిన. ముందు జర ఎగిరిండు. అమ్ముడువోయిన తానులల్ల ఒక్కటన్న వాపస్ వచ్చిందారా అని అడిగిన. లేదన్నడు. మా ఇంట్ల మిద్దె మీది అర్ర ఖాళీగ ఉన్నది. రా. పనికి వచ్చే పైసలు నీ చేతికే ఇప్పిస్త."

నీ ఉత్తరంలో వెంటనే చెప్పానని ఉంది.

నౌకరి పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. నేను కూడా నీ నౌకరి కోసమే బజారుకు పోయి తంతి ఇచ్చాను. కానీ విధవ అంటే సేటు ఏమంటాడో నీకు తెలియదు, నువ్వు అడగనే లేదు. పదిహేను రోజులు ఆ మాటకు జడిసింది నువ్వే. ఈ ఇంట్లో నన్ను పెరట్లోకి పొమ్మన్నవాళ్లు నా తోడబుట్టినవాళ్లు కారు. అందుకే వాళ్ల మీద నాకు ఇంత కోపం రాలేదు. బతిమాలుకొమ్మన్నావు చూడు, ఆ ఒక్క ముక్క దగ్గర నా మనసు విరిగింది.

బారసాల బొమ్మలు ఎనిమిదీ పూర్తయ్యాయి. పోస్టులో పంపడం లేదు, నేనే సేటు చేతికి ఇస్తాను.

సోమవారం బండికి నాంపల్లిలో దిగుతాను. లక్ష్మీనర్సమ్మగారు మనిషిని పంపుతున్నారు. నువ్వు స్టేషన్‌కు రావద్దు.

వసుమతి